పెదనాన్న సంతకం

జొహానెస్‌బర్గ్
11 ఫిబ్రవరి 2019

పెద్దమ్మా,

ఈ పిలుపు చూడగానే నీ ముఖం ఎలా మారుతుందో నాకు తెలుసు. కళ్లద్దాలు పైకి తోసుకుని, "దీనికింకా బుద్ధి రాలేదే జెలగత్" అని వంటింటి వైపు కేకేస్తావు. కేకేసుకో. నాన్న బతికున్నన్నాళ్లూ ఆయనకు భయపడి నిన్ను పెదనాన్నా అని పిలిచాను. ఇప్పుడు ఆయన లేడు, నాకు ముప్పై మూడేళ్లు వచ్చాయి. ఇక మీదట నోరారా పెద్దమ్మా అనే పిలుస్తాను.

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, వినపడిన సగానికి తిడతావు. "ఉత్తరం రాయి, కాగితం మీద మాట ఎటూ పోదు" అన్నావు కదా పోయినసారి. ఇదిగో రాస్తున్నాను. బడిపంతులువి కాబట్టి తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది పంపు.

సంగతేమిటంటే, ఇక్కడ నా ఫొటోల ప్రదర్శన ఒకటి పెడుతున్నారు. నా ఒక్కదానిదే. మార్చి చివర ఇక్కడ, జూన్‌లో మన నైరోబీలో, ఆ తర్వాత అక్రాలో. పేరు "మొగుడు లేని ఇల్లు". దాని మధ్యలో నువ్వూ జెలగతూ ఉంటారు. నువ్వు ఆవుల్నిచ్చి జెలగత్‌ని పెళ్లి చేసుకున్నావని చెబితే, డకార్ నుంచి వచ్చిన నా స్నేహితురాలు ఆవా గంటసేపు నోరు తెరుచుకునే కూర్చుంది. ఆడవాళ్లు స్వతంత్రంగా బతకడం ఎలాగో మనకు తెల్లవాళ్లు వచ్చి నేర్పారనుకునే వాళ్లందరికీ నిన్ను చూపించాలి పెద్దమ్మా. మీ ఇద్దరి ఫొటో ఒకటి, జెలగత్‌ని ఎలా తెచ్చుకున్నావో నీ చేతిరాతలో నాలుగు ముక్కలు, అంతే నాకు కావలసింది.

ఇంకొక్క కోరిక. ఉత్తరం కింద ఈసారైనా "నీ పెద్దమ్మ" అని సంతకం పెట్టు. నువ్వు ఆడదానివి. గొప్పదానివి కావడానికి మగవాడి వేషం అక్కర్లేదు నీకు.

జెలగత్‌కి ముద్దులు. నా జడలు లాగి లాగి వేసిన ఆ చేతులకి మరీ.

నీ జెమెలి

*

నందీ హిల్స్
4 మార్చి 2019

జెమెలికి, నీ నెత్తిన చెయ్యిపెట్టి పెదనాన్న రాసేది.

ఎర్రసిరా అయిపోయింది. లేకపోతే మొదటి మాటే కొట్టేసేవాణ్ణి.

పెద్దమ్మ అని ఒకత్తె ఉండేది. ఆరు ఆవుల్ని జెలగత్ పుట్టింటికి తోలిన రోజున, ఇరవై అయిదేళ్ల కిందట, మీ నాన్న కళ్లెదుట ఆ పెద్దమ్మ పోయింది. ఆ రోజు నుంచి నేను వీపున కట్టెల మోపు ఎత్తలేదు, నీళ్లు మొయ్యలేదు, పొయ్యి ముందు కూర్చోలేదు. మీ అసలు పెదనాన్న కిప్‌సంగ్ టోపీ నెత్తిన పెట్టి, ఆయన కర్ర పుచ్చుకుని, మగవాళ్ల బెంచీ మీద కూర్చున్నాను. ఎవరూ జరిగి కూర్చోమనలేదు. అది వేషమైతే, వేషమని తెలియనివాళ్లే ఊరంతా.

నువ్వు నాలుగు ముక్కలు అడిగావు కాబట్టి చెబుతున్నాను. కిప్‌సంగ్ పోయేనాటికి మాకు బిడ్డల్లేరు. కొడుకు లేని ఇంటి భూమి తమ్ముడికి, అంటే మీ నాన్నకి పోతుంది. ఆ మహానుభావుడు నాకొద్దన్నాడు. "మా అన్న ఇంటి దీపం ఆరకూడదు. నువ్వే మగవాడివి అవు, ఇంటికి కోడలిని కాదు, పెళ్లాన్ని తెచ్చుకో" అన్నాడు. తెచ్చుకున్నాను. చుంబా పుట్టాడు. వాడు ఎవరి వల్ల పుట్టాడని మనలో ఎవరూ అడగరు. ఆవులు నావి, ఇల్లు నాది, కొడుకు నావాడు. వాడికి పద్దెనిమిదేళ్లప్పుడు మగవాళ్ల మధ్య నిలబెట్టి అరాప్ సంగ్ అని పేరు పెట్టారు. సంగ్ కొడుకు అని, అంటే కిప్‌సంగ్ ఇంటి కొడుకని. తండ్రి చోట నిలబడింది నేను. ఆ పేరు కోసమే ఇదంతా. నువ్వు రాసిన స్వతంత్రం సంగతి నాకు తెలియదు.

ప్రదర్శనకు ఆ పేరేమిటి? మొగుణ్ణి నేను బతికే ఉన్నాను కదా.

ఫొటో పంపుతున్నాను. జెలగత్ కొత్త తలగుడ్డ కట్టుకుంటానని గంట ఆలస్యం చేసింది. చుంబా ఎల్దొరెట్ దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాడు. నవంబరు గాలివానకి నా గది రేకు ఎగిరిపోయింది. వాడు సెలవులకు వచ్చి వేసేదాకా నేనూ జెలగతూ ఒకే మంచం మీద పడుకుంటున్నాం. దాని కాళ్లు చల్లగా కప్పల్లా తగులుతాయి. అయినా ఈ వయసులో ఒకరి వెచ్చదనం ఒకరికి కావాలి.

మీ అన్న కిముతాయ్ వారానికోసారి వచ్చి తేయాకు తోట గట్టు వెంట అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నాడు. ఏంట్రా అంటే, "ఒంటికి మంచిదని నడుస్తున్నా పెద్దమ్మా" అంటాడు. వాడూ ఈ మధ్య పెద్దమ్మా అంటున్నాడు. నీకు వాడు నేర్పాడా, వాడికి నువ్వు నేర్పావా?

నీ పెదనాన్న
తాప్‌రందిచ్

*

జొహానెస్‌బర్గ్
2 ఏప్రిల్ 2019

పెద్దమ్మా,

సంతకం దగ్గర మళ్లీ మొండికేశావు. సరే, క్షమించాను, ఎందుకంటే నీ ఉత్తరం బంగారం.

పోయిన శుక్రవారం ప్రదర్శన మొదలైంది. జనం ఎంతమంది వచ్చారో! కిగాలీ నుంచి, లాగోస్ నుంచి కూడా వచ్చారు. మీ ఫొటో ముందు ఒక పెద్దావిడ నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "మా అమ్మకు ఈ ధైర్యం లేకపోయింది" అంది. జెలగత్ తలగుడ్డ ఎర్రంచు ఎంత బాగా పడిందో చెప్పు దానికి.

నీ ఉత్తరాన్ని అద్దాల పెట్టెలో పెట్టాను. అందులోంచి ఒక్క మాట తీసి గోడ మీద మనిషి ఎత్తు అక్షరాలతో రాయించాను. ఏ మాటో చెప్పను. జూన్‌లో నైరోబీ బస్సెక్కి వచ్చి నువ్వే చదువుకో. ఆ మాట ముందు నువ్వు నిలబడితే నేను ఫొటో తియ్యాలి.

ఇక్కడ అందరూ నిన్ను అమ్మమ్మా అంటున్నారు. మగవాడివని మాత్రం ఎవరూ అనలేదు, ఎంత హాయిగా ఉందో.

నీ జెమెలి

*

నందీ హిల్స్
6 మే 2019

జెమెలికి పెదనాన్న దీవెనలు.

ఆ ఉత్తరాన్ని అద్దాల పెట్టెలోంచి తీసెయ్యి. ఫొటో ఉంచుకో, ఊళ్లో అందరూ చూసిన ముఖాలే అవి. ఉత్తరం నీకు రాసింది. ఇంట్లో మాట ఇంట్లో పిల్లకు చెప్పాను, లాగోస్ వాళ్లకు చెప్పలేదు. అయినా అందులో ఆవులూ కప్పురేకూ తప్ప ఏముందని గోడకెక్కించావు? బడిలో మొద్దు పిల్లలు కూడా పాఠంలోంచి పనికొచ్చే వాక్యమే ఏరేవాళ్లు.

మంచి కబురు ఒకటి. చుంబాకు పిల్ల కుదిరింది. కాప్సబెత్ వాళ్ల పిల్ల, నర్సు. వాళ్ల పెద్దవాళ్లు వచ్చి, "అబ్బాయి తండ్రి ఎవరు?" అని అడిగారు. నేను కర్ర నేలకు తాటించి, "నేనే" అన్నాను. ఒక్క క్షణం చూసి తలలూపారు. జెలగత్ సొరబుర్రలోంచి పులిసిన మూర్సిక్ పోసి ఇచ్చింది. ఆ పాలు తాగితే మాట ఖాయమైనట్టే కదా. తాగారు. ఆ పూట నేను ఎంత పొంగిపోయానో మీ నాన్న ఉంటే చెప్పేవాణ్ణి. ఆయన లేడు కాబట్టి నీకు చెబుతున్నాను.

ఆగస్టులో పెళ్లి. నువ్వు రావాలి. మీ అన్నను పిలిచాను. "చూద్దాం పెద్దమ్మా, అప్పటికి ఎవరు ఎవరవుతారో" అన్నాడు. వాడి మాటలు నాకు అర్థం కావడం మానేసి చాలా రోజులైంది.

చుంబా వచ్చి రేకు వేశాడు. నా గదిలోకి నేను వచ్చేశాను. జెలగత్ చల్లకాళ్ల పీడ వదిలింది.

ఉత్తరం తీసెయ్. మరిచిపోకు.

నీ పెదనాన్న
తాప్‌రందిచ్

*

నైరోబీ
10 జూన్ 2019

పెద్దమ్మా,

నీ ఉత్తరం నాకు చేరేసరికి ఇక్కడ గోడలకు రంగులు వేసేశారు, పెట్టెలకు మేకులు కొట్టేశారు. ఇప్పుడు తీస్తే మధ్యలో గొయ్యి తవ్వినట్టుంటుంది. కోపం తెచ్చుకోకు. నువ్వు సిగ్గుపడవలసింది ఒక్క అక్షరం కూడా లేదు అందులో.

ఎవరొచ్చారో చెప్పు! కిముతాయ్ అన్నయ్య. చర్చికి వేసుకునే సూటు వేసుకుని వచ్చాడు. పదేళ్లలో నా పనిని చూడటానికి రావడం ఇదే మొదటిసారి. నేనే చెయ్యి పట్టుకుని అంతా తిప్పి చూపించాను. నీ ఉత్తరం ముందు చాలాసేపు నిలబడ్డాడు, గోడ మీది మాటను నాలుగు వైపుల నుంచి ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. "ఇది ఆమె చేతిరాతేనా? నువ్వు ఒట్టేసి చెప్పగలవా?" అని అడిగాడు. "ఆమె చేతిరాతే, అక్షరం అక్షరం నాకు తెలుసు" అన్నాను గర్వంగా. నాకు ఏడుపొచ్చింది పెద్దమ్మా. ఇన్నాళ్లకు మా అన్న నన్ను ఒక ప్రశ్న అడిగాడు.

నువ్వు కూడా నన్ను ఒక ప్రశ్న అడగనివ్వు. ప్రదర్శనలో ఒక అమ్మాయి లేచి అడిగింది. "ఆ పెద్దావిడ కథ విన్నాం. ఆ రెండో ఆవిడ ఏమంటుంది?" అంది. జెలగత్ మీ ఇంటికి వచ్చేనాటికి దానికి పద్దెనిమిదేళ్లు. నువ్వు ఆవుల్ని వాళ్ల నాన్నకిచ్చావు, దానికి కాదు. ఏ మగవాడి వల్ల బిడ్డను కనాలో కూడా నువ్వే చెప్పావని ఊళ్లో అనేవాళ్లు. నా చిన్నప్పుడు నువ్వు దాన్ని ఒకసారి చెంపమీద కొట్టడం చూశాను. పాలు పొంగిపోయాయని. ఎప్పుడైనా దాన్ని, నీకు ఇష్టమేనా అని అడిగావా?

బాధపెట్టడానికి కాదు. తెలుసుకోవడానికి.

నీ జెమెలి

*

నందీ హిల్స్
28 జూన్ 2019

జెమెలీ,

ఈ ఉత్తరం కూడా అద్దాల పెట్టెలో పెట్టుకుంటావేమో. పెట్టుకో. దీన్ని మాత్రం ముక్క కొయ్యకుండా పెట్టు.

మీ అన్న ఆదివారం చర్చి అయ్యాక అందరూ గుమ్మం దగ్గర ఉండగా ఫోన్ తీశాడు. "ఒకే మంచం మీద పడుకుంటున్నాం. ఈ వయసులో ఒకరి వెచ్చదనం ఒకరికి కావాలి." మనిషెత్తు అక్షరాలు. కింద మా ఇద్దరి ఫొటో. రేకు ఏదే? గాలివాన ఏదే? దాని చల్లకాళ్లు ఏవే? ముందు వెనకలు కత్తిరించి మధ్య ముక్క తీశావు. నలభై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పాను. చదవడం వచ్చినవాళ్లు ఇంత పని చేస్తారని తెలిస్తే ఇంకేదైనా చెప్పుకునేవాణ్ణి.

నీకు తెలియదా? మన ఆచారంలో ఆడమనిషి మగవాడైనాక పెళ్లాంతో పక్క పంచుకోదు. అది హద్దు. ఆ హద్దు దాటితే అది పెళ్లి కాదు, ఇంకేదో. ఆ ఇంకేదానికి మన దేశంలో జైలు. చర్చి ఆడవాళ్ల సంఘంలోంచి జెలగత్ పేరు కొట్టేశారు. తేయాకు తూకం దగ్గర ఆడవాళ్లు, "నీ మొగుడు వెచ్చగా ఉన్నాడా?" అని అడిగారట. ఇంటికి వచ్చి ఖాళీ బుట్ట వీపు మీంచి దించకుండానే కూర్చుంది. చుంబా పెళ్లి వాళ్లు పాలు తాగిన నోటితోనే వద్దన్నారు.

ఇప్పుడు మీ అన్న పెద్దల కూటమికి ఫిర్యాదు పెట్టాడు. నేను ఎన్నడూ మగవాణ్ణి కాలేదట. "మా చెల్లెలే ప్రపంచమంతా చెబుతోంది, ఆమె ఆడది అని" అంటున్నాడు. కాబట్టి ఆ పెళ్లి పెళ్లి కాదు, చుంబా కొడుకు కాదు, భూమి తనది. జూలై 27న కూర్చుంటారు.

నీ ప్రశ్నకు జవాబు. అడగలేదు. ఏ మొగుడు అడిగాడు? మీ నాన్న మీ అమ్మను అడిగాడా? కొట్టాను, ఒకసారి. మంచి మొగుణ్ణని నేనెప్పుడూ రాయలేదు నీకు. మొగుణ్ణని రాశాను.

ఒక్క పని చెయ్యి. రాలేకపోతే కాగితం పంపు. రెండే వాక్యాలు: "తాప్‌రందిచ్ నాకు పెదనాన్న. మా నాన్న అలాగే పిలవమన్నాడు, నేను అలాగే పిలిచాను." కింద సంతకం. అది అబద్ధం కాదు. నీ నోటితో వెయ్యిసార్లు అన్నావు. ఆ మంచం మాటకు రేకు సంగతి కూడా కలిపితే మంచిది. నీ మాట పట్టుకునే వాడు దావా వేశాడు కాబట్టి నీ మాటే దాన్ని కొట్టెయ్యగలదు.

చుంబా పేరు నీ చేతిలో ఉంది.

నీ పెదనాన్న
తాప్‌రందిచ్

*

అక్రా
12 జూలై 2019

పెద్దమ్మా,

కిముతాయ్ ఇంత నీచానికి దిగుతాడనుకోలేదు. వాడికి చెయ్యి పట్టుకుని చూపించింది నేనే, ఆ సిగ్గు నాకు జీవితాంతం ఉంటుంది.

కానీ నువ్వడిగిన రెండు వాక్యాలు రాయడానికి కూర్చుని, కాగితం మడిచి పక్కన పెట్టేశాను. కోప్పడకుండా విను. భూమి దక్కాలంటే ఆడది మగవాడు కావాలి అని నేను సంతకం పెడితే, ఇన్నేళ్లుగా నేను మాట్లాడిందంతా ఏమవుతుంది? చిన్నప్పుడు అన్నాను, నిజమే. నాన్న బెత్తానికి భయపడి అన్నాను. భయంతో అన్నదాన్ని ఇప్పుడు సాక్ష్యంగా ఎలా ఇవ్వను? మగవాణ్ణని చెప్పి గెలిస్తే అది వాళ్ల గెలుపే అవుతుంది. ఆడదానిగా గెలువు. చట్టం మారింది పెద్దమ్మా, విధవకు హక్కుంది. నైరోబీలో నా స్నేహితురాలు వాంజికు పెద్ద లాయరు. నీ కేసు హైకోర్టుకు తీసుకెళతానంటోంది. దేశంలో ఆడవాళ్లందరికీ నీ పేరు మీద దారి పడుతుంది.

పెద్దల కూటమి కోసం రెండు పేజీల ప్రకటన రాసి ఇందులో పెట్టాను. ఆవా, వాంజికు కూడా చదివి బాగుందన్నారు. కప్పురేకు సంగతి మూడో పేరాలో ఉంది. నువ్వు ఎంత గౌరవంగా బతికావో, జెలగత్ నన్ను ఎలా పెంచిందో, చుంబా నీ కొడుకు కాకపోతే ఈ లోకంలో ఎవరూ ఎవరి కొడుకూ కాదని, అంతా రాశాను. నా ప్రాణం పెట్టి రాశాను.

నేనే వచ్చేదాన్ని. 27నే ఇక్కడ నాకు బహుమతి ఇస్తున్నారు. ఆ వేదిక మీద నీ పేరు చెబుతాను.

నీ జెమెలి

*

నందీ హిల్స్
5 ఆగస్టు 2019

జెమెలికి,

కూటమి జరిగింది. చీఫ్ ఇంటి ముందు గడ్డి మీద బెంచీలు వేశారు. నేను మగవాళ్ల వైపు కూర్చున్నాను. ఎవరూ లేవమనలేదు, అప్పటికింకా.

మొదట జెలగత్‌ని పిలిచారు. అది ఎలాంటిదో నీకు తెలుసు. అబద్ధం ఆడమంటే నత్తి వస్తుంది. అరాప్ బిర్గెన్, అదే, మీ నాన్నతో కలిసి తిరిగిన ఆ ముసలాయన, అడిగాడు.

"అమ్మా, ఒక్కటే ప్రశ్న. మీరిద్దరూ ఒకే మంచం మీద పడుకున్నారా?"

"పడుకున్నామండి."

"ఎన్నాళ్లు?"

"చుంబా వచ్చేదాకండి. కప్పు కారుతోంది కదండీ."

బెంచీలన్నీ ఒక్కసారిగా నవ్వాయి. మీ అన్న లేచి, "కప్పు కారితే గిన్నె పెట్టుకోవాలిగానీ మొగుణ్ణి పెట్టుకుంటారా?" అన్నాడు. ఇంకా నవ్వారు. జెలగత్ వాళ్లకేసి, నాకేసి చూసింది. ఏం తప్పన్నానో దానికి ఇప్పటికీ తెలియదు.

చుంబా అప్పుడు నీ ప్రకటన తీసి ఇచ్చాడు. వారం రోజులుగా చొక్కా జేబులో పెట్టుకు తిరిగాడు దాన్ని. రెండు పేజీలూ ఇంగ్లీషు. బడి హెడ్మాస్టరు చదివాడు. మంచి ఇంగ్లీషే. మొదటి పేజీ అయ్యేసరికి ముసలివాళ్లు ఆవలిస్తున్నారు. మూడో పేరా దాకా ఎవరూ వినలేదు. చీఫ్ చెయ్యెత్తి, "ఒక్క ముక్కలో చెప్పు మాస్టారూ. ఆ పిల్ల ఏమంటోంది? ఈమె మగవాడంటుందా, ఆడదంటుందా?" అన్నాడు.

హెడ్మాస్టరు కాగితం అటూ ఇటూ తిప్పాడు. నేను చదువు చెప్పిన పిల్లవాడే అతను. నా వైపు చూడలేకపోయాడు. "ఆడదనే అంటోందండి. చాలాచోట్ల అంటోంది" అన్నాడు.

అంతే. మీ అన్నకు ఇంకో సాక్షి అవసరం లేకపోయింది.

తీర్పు ఇది. నేను కిప్‌సంగ్ విధవను. బతికున్నన్నాళ్లు ఇంట్లో ఉండొచ్చు. తర్వాత తోట కిముతాయ్‌ది. చుంబా అరాప్ సంగ్ అని రాసుకోకూడదు. ఏమని రాసుకోవాలో వాళ్లు చెప్పలేదు.

నీ లాయరమ్మకు వద్దని చెప్పు. ఆడదానిగా గెలవమన్నావు. గెలిస్తే భూమి వస్తుంది, కొడుకు రాడు. విధవకు భూమి ఇచ్చే చట్టం ఉందేమో, విధవను తండ్రిని చేసే చట్టం ఉందా? ఆ చట్టం మా దగ్గరే ఉండేది.

చుంబా మర్నాడు పొద్దున్నే ట్రంకు సర్దుకున్నాడు. ఎక్కడో ఉత్తరాన, ఎడారి వైపు బడిలో ఖాళీ ఉందట. గుమ్మంలో నిలబడి నోరు తెరిచాడు. నాన్నా అని పిలవబోయి ఆగిపోయాడు. ఏమని పిలవాలో తోచలేదు వాడికి. పిలవకుండానే వెళ్లిపోయాడు.

తాప్‌రందిచ్

*

జొహానెస్‌బర్గ్
1 సెప్టెంబరు 2019

పెదనాన్నా,

మీ ఉత్తరం అందిన రోజే ప్రదర్శన మూయించేశాను. గోడ మీది మాటకు నేనే సున్నం కొట్టాను. అద్దాల పెట్టెలోని మీ ఉత్తరం ఇందులో పెట్టి పంపుతున్నాను. అప్పీలు వద్దన్నారు కాబట్టి వద్దు. నేనే వస్తాను. కూటమిని మళ్లీ పిలిపించండి. ఎన్ని బెంచీలుంటే అన్ని బెంచీల ముందు నిలబడి చెబుతాను, మీరు నా పెదనాన్న అని. నాన్న బెత్తానికి భయపడి కాదు, మీ వెనకాల టోపీ పట్టుకుని నడిచిన పిల్లను కాబట్టి అలా పిలిచానని చెబుతాను. అప్పుడు కూడా అది నిజమే. ఒప్పుకోవడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.

జెలగత్ ఎలా ఉందో మీరు రాయలేదు. చుంబా ఫోన్ తియ్యడం లేదు.

రెండు వాక్యాలు వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. మీరు చెప్పినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా. అక్టోబరు మొదటి వారంలో వచ్చేస్తున్నాను పెదనాన్నా. తిట్టండి, కర్రతో కొట్టండి. రావద్దని మాత్రం రాయకండి.

జెమెలి

*

నందీ హిల్స్
23 సెప్టెంబరు 2019

జెమెలికి,

మీరు గీరు అనకు. ఆ మర్యాద మగవాళ్లది. నువ్వు అనే రాయి, ఎప్పటిలాగే.

నీ కాగితం అందింది. అక్షరం దోషం లేకుండా రాశావు. కూటమి ఒకే విషయం మీద రెండుసార్లు కూర్చోదు. కాగితం పొయ్యి రాజేసుకోవడానికి ఉంచాను.

జెలగత్ వెళ్లిపోయింది. వెళ్లేముందు నువ్వు అడగమన్న ప్రశ్న అడిగాను. ఇష్టపడే వచ్చావా అన్నాను. "రావడం ఇష్టంతో రాలేదు. ఉండటం ఇష్టంతోనే ఉన్నాను. ఇన్నేళ్లూ అడగలేదు, ఇప్పుడెందుకు అడిగావు?" అంది. ఉండిపొమ్మన్నాను. "మగవాడికి పెళ్లాన్నై వచ్చాను. నువ్వు మగవాడివి కాదని వాళ్లు తేల్చారు. మరి నేనెవర్ని ఈ ఇంట్లో?" అంది. పాల బుర్రలు కడిగి, బొగ్గు పట్టించి, వరసగా బోర్లించి వెళ్లింది. వాళ్ల అన్న ఇంట్లో కట్టెలు కొడుతోందట.

పోయిన వారం చీఫ్ ఇంటి దగ్గర పెన్షన్ కాగితాల పనుండి వెళ్లాను. అలవాటు కొద్దీ బెంచీ మీద కూర్చోబోయాను. అరాప్ బిర్గెన్ కర్ర చాపి, గడ్డి మీద చోటు చూపించాడు. "ఆడవాళ్లు అటమ్మా" అన్నాడు, మర్యాదగానే. వెళ్లి అటు కూర్చున్నాను. వాళ్లు జరిగి చోటిచ్చారు.

ఇంట్లో మోసేవాళ్లు లేరు. నీళ్లు నేనే తెచ్చుకుంటున్నాను. కట్టెల మోపు కూడా. మోపును వీపున ఆపే నుదుటి పట్టీ ఒరుసుకుని తోలు లేచింది. డెబ్బై ఏళ్లు వస్తున్నాయి, మెడ మళ్లీ నేర్చుకుంటోంది. టోపీ పెట్టుకుంటే పట్టీ నిలవదు కాబట్టి టోపీ తీసేశాను.

అక్టోబరులో వస్తానన్నావు. రా. మోపు ఎత్తడానికి ఒక చెయ్యి సాయం కావాలి.

నీ పెద్దమ్మ
తాప్‌రందిచ్